పసిపాపకు ఎలర్జీ పరీక్ష: చేయించాలా, వద్దా?

ఈదుల్‌ఫిత్ర్ నమాజు ముగించుకొని మేము ఇల్లు చేరేసరికి ఇల్లంతా బంధువులతో నిండి ఉంది. గాజువాకలో నివసించే మా పెద్దమ్మాయి, అల్లుడు, ఏడు నెలల మా మనవరాలు తెల్లవారకముందే వచ్చేశారు. పండుగ పూట పసిపాప నోరు తీపి చేయాలన్న ముచ్చటతో మా ఇంటావిడ షీర్‌ఖుర్మాలో చెంచా ముంచి పాప పెదవులకు అద్దారు. పాప చప్పరించింది. ఆ సంబరంలో మరో అరచెంచా నోట్లో వేశారు. పది నిమిషాలు గడిచాయో లేదో పాప నోటి చుట్టూ ఎర్రని దద్దుర్లు లేచాయి. చూస్తుండగానే అవి బుగ్గల మీదికి, మెడ మీదికి పాకాయి. కింది పెదవి ఉబ్బింది. రెండుసార్లు వాంతి చేసుకుంది.

కొత్త బట్టలతోనే ఆసుపత్రికి పరుగెత్తాము. డ్యూటీ డాక్టరు మందు ఇచ్చి, ఊపిరి చూస్తూ మధ్యాహ్నం దాటేవరకు అక్కడే ఉంచారు. అల్‌హమ్దులిల్లాహ్, అసర్ వేళకు పాప నవ్వింది. పంపించేటప్పుడు ఆయన ఒక్క మాటే అన్నారు: "ఏదో పడలేదు. ఎలర్జీ టెస్టు గురించి పిల్లల డాక్టరుతో మాట్లాడండి."

ఆ రాత్రి మా ఇంట్లో సాగిన చర్చను దాచకుండా చెబుతాము. ఎందుకంటే అది మా ఒక్క ఇంటి చర్చ కాదు. అల్లుడు స్టీల్‌ప్లాంటులో ఒక కాంట్రాక్టరు వద్ద పనిచేస్తాడు. తోటి ఉద్యోగి ఎవరో అతనికి ఫోనులో ఒక ల్యాబ్ ప్రకటన పంపారు. ఒకసారి రక్తం తీస్తే తొంభై రకాల ఆహారాలకు ఎలర్జీ ఉందో లేదో చెప్పేస్తారట. "మామూజాన్, ఖర్చు ఎంతైనా సరే, అన్నీ ఒకేసారి తెలిసిపోతే మంచిది కదా" అన్నాడు. మా ఇంటావిడ మాత్రం ఇది నజర్ అని గట్టిగా నమ్మారు. పండుగ రోజు పాపను ఎంతమంది ఎత్తుకున్నారో లెక్కపెట్టి చెప్పారు. మరి మేము? పెద్దరికం చూపిస్తూ, అల్లాహ్ మీద భారం వేయమని, పాప పెద్దదైతే అదే తగ్గుతుందని, ఇంత పసిబిడ్డకు సూదులెందుకని అన్నాము.

మా అమ్మాయి అందరి మాటలూ విని, "అబ్బాజాన్, సరే. రేపు పొద్దున దీనికి ఏం పెట్టాలి? ఏది పెట్టకూడదు? మీలో ఎవరైనా ఒకరు చెప్పండి" అని అడిగింది. ఎవరమూ మాట్లాడలేదు.

మదర్సాలో దాదాపు ముప్పై ఏళ్లుగా హదీసు పాఠం చెబుతున్నాము. సుననె అబూదావూద్‌లో తయమ్ముమ్ ప్రకరణంలో ఒక సంఘటన వస్తుంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. అతనికి గుస్ల్ తప్పనిసరి అయింది. తయమ్ముమ్ చేయవచ్చా అని సహచరులను అడిగితే, నీళ్లు ఉండగా వీలులేదన్నారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఆ సంగతి విని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడగవలసిందని, తెలియనితనానికి మందు అడగడమేనని బోధించారు. ఏటా విద్యార్థులకు చెప్పే ఆ పాఠం ఆ రాత్రి మమ్మల్నే నిలదీసింది. అడగకుండా ధైర్యంగా తీర్పు చెప్పినవారిలో మేమూ ఒకరమయ్యాము.

మరునాడు కాదు గాని, ఆ వారంలోనే ఒక పిల్లల వైద్యురాలి వద్దకు వెళ్లాము. ఆమె సూది తీయలేదు, రక్తం తీయలేదు. అరగంటకు పైగా ప్రశ్నలే వేశారు. ఎంత తిన్నది, ఎన్ని నిమిషాలకు దద్దుర్లు వచ్చాయి, ఊపిరిలో శబ్దం వచ్చిందా, పాప మగతగా అయిందా, అంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా, చర్మం మీద ఎగ్జిమా ఉందా? ఆ తర్వాత కాగితం తీసి మా ఇంటావిడను షీర్‌ఖుర్మాలో ఏమేమి వేశారో వరుసగా చెప్పమన్నారు. పాలు, నెయ్యి, సేమియా, చక్కెర, ఖర్జూరం, యాలకులు, ఎండుకొబ్బరి, జీడిపప్పు, బాదం, పిస్తా, సారపప్పు. పదకొండు.

"వీటిలో పాప ఇంతకుముందు తిన్నవి ఏవి?" అని అడిగారు. పెరుగన్నం రోజూ తింటోంది, అందులో నెయ్యి ఉంటుంది. కాబట్టి పాలు, నెయ్యి కొట్టేశారు. సేమియా పాయసం రెండుసార్లు తిన్నది. సేమియా, చక్కెర, యాలకులు పోయాయి. నానబెట్టిన ఖర్జూరం గుజ్జు ఆరో నెల నుండే అలవాటు. ఇడ్లీతో పాటు కొబ్బరి కూడా నోటికి తగిలింది. కాగితం మీద నాలుగు మిగిలాయి: జీడిపప్పు, బాదం, పిస్తా, సారపప్పు. సూది ముట్టకుండానే పదకొండు నాలుగైంది. "అసలు పరీక్ష ఇదేనండి. సూది దీనికి సాక్షి మాత్రమే" అన్నారు ఆమె.

ఆ ల్యాబ్ ప్రకటనను అల్లుడు ఆమెకు చూపించాడు. తొంభైకి ఎందుకు వద్దో ఆమె వివరించిన తీరు మాకు బాగా నచ్చింది. అది పాఠకులకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకరికి అమృతమైనది మరొకరి శరీరానికి పడకపోవడం కొత్త విషయం కాదు. రయ్యి నగరానికి చెందిన మహావైద్యుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ సుమారు పదకొండు వందల ఏళ్ల క్రితమే దీనిపై ఒక చిన్న గ్రంథం రాశారు. వసంతకాలంలో గులాబీల వాసన తగలగానే పండితుడు అబూజైద్ అల్‌బల్ఖీకి జలుబు ఎందుకు పట్టుకుంటుందన్నదే దాని విషయం. అయితే ఆ తత్వం రక్తంలో ఉంటుందని తేలింది 1921లో. హైన్‌జ్ క్యూస్ట్నర్ అనే జర్మన్ వైద్యునికి వండిన చేప పడేది కాదు. అతని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ అతని రక్తద్రవాన్ని తన చర్మం కిందికి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకున్నాడు. చేప తినడానికి ఏ ఇబ్బందీ లేని ప్రౌస్నిట్జ్ చర్మం ఆ చోట ఉబ్బింది! ఆ రక్తంలోని పదార్థాన్ని 1960ల చివర్లో జపానుకు చెందిన ఇషిజాకా దంపతులు అమెరికాలోనూ, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోనూ విడివిడిగా కనుగొన్నారు. దాని పేరే ఐజీఈ. చర్మంపై గుచ్చే పరీక్ష అయినా, రక్తపరీక్ష అయినా వెదికేది దీన్నే.

చిక్కు ఎక్కడ ఉందంటే, ఒక ఆహారానికి ఐజీఈ రక్తంలో ఉన్నంతమాత్రాన ఆ ఆహారం పడదని కాదు. మన పొరుగునే కర్ణాటకలో పెద్దలపై జరిగిన ఒక అధ్యయనం 2016లో ప్రచురితమైంది. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించినవారు 26.5 శాతం. నిజంగా ఆహార ఎలర్జీ ఉన్నట్లు భావించదగినవారు 1.2 శాతమే. అదే కార్యక్రమంలో భాగంగా బడి పిల్లలను పరిశీలించి 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అక్కడి పిల్లల్లో ఆహార ఎలర్జీ 0.14 శాతం. హాంగ్‌కాంగ్ పిల్లల్లో అది 1.5 శాతం. అంటే మన ప్రాంతంలో ఈ రోగం అరుదు, కాగితంపై అనుమానం మాత్రం విస్తారం. అలాంటి చోట ఏ కారణమూ లేకుండా తొంభై ఆహారాలకు పరీక్ష చేస్తే ఎన్ని అబద్ధపు సాక్ష్యాలు బయటపడతాయో మీరే ఊహించుకోండి. ఐజీజీ పేరుతో అమ్మే మరో రకం పరీక్ష ఉంది. అది మనం తిన్న ఆహారాన్ని శరీరం గుర్తుపట్టిందని మాత్రమే చెబుతుంది. ఎలర్జీ నిర్ధారణకు అది పనికిరాదని అమెరికా, ఐరోపా, కెనడా ఎలర్జీ వైద్య సంఘాలు స్పష్టం చేశాయి. ప్రకటనలో ఏ అక్షరాలు ఉన్నాయో చూడండి.

మా పాత విద్యార్థి ఒకరు పాతనగరంలో ఉంటారు. ఆయన తండ్రి ఫిషింగ్ హార్బరులో చేపల వ్యాపారి. ఆయన కుమారునికి ఏడాది వయసులో బుగ్గలపై గరుకు, ఎప్పుడూ జలుబు. ఎవరో చెబితే ఇలాంటి పెద్ద పరీక్ష చేయించారు. కాగితంపై పాలు, గోధుమ, గుడ్డు, వేరుశనగ, చేప, రొయ్య, కందిపప్పు అన్నిటికీ ఎర్రగుర్తులు. ఆ బాలుడు అంతకుముందు ఇవన్నీ తిన్నవాడే. ఒక్క దద్దురు రాలేదు. అయినా తల్లి భయపడి అన్నీ మాన్పించింది. గంజి, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప. ఆరు నెలల్లో బిడ్డ చేతులు పుల్లల్లా అయ్యాయి. జలుబు అలాగే ఉంది. వంజరం, చందువా బుట్టలతో వచ్చే ఇంట్లో ఆ పసివాడికి చేపముక్క నిషిద్ధమైంది! చివరికి వేరొక వైద్యుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఒక్కొక్కటిగా ఆహారాన్ని తిరిగి ఇప్పించారు. ఇందులో మరో ప్రమాదం ఉందని మా వైద్యురాలు చెప్పారు. ఎగ్జిమా ఉన్న పిల్లలు హాయిగా తింటున్న ఆహారాన్ని కాగితం చూసి చాలాకాలం ఆపితే, ఆ శరీరం దాన్ని మరచిపోయి, తిరిగి ఇచ్చినప్పుడు నిజమైన ఎలర్జీతోనే ఎదురు తిరగవచ్చు.

ఫిఖహ్ చదివినవారికి ఇది పరిచితమైన సూత్రమే. నిశ్చయంగా ఉన్న దానిని అనుమానం తొలగించలేదు. వుజూ చేశానని నిశ్చయంగా తెలిసినవాని వుజూ, పోయిందేమోనన్న సందేహంతో పోదు. బిడ్డ ఆరు నెలలు పెరుగు తిని ఆరోగ్యంగా ఉండటం నిశ్చయం. కాగితం మీది ఎర్రగుర్తు అనుమానం. ఆమె ఆ మాట వైద్యభాషలో చెబుతుంటే మాకు ఉసూల్ పాఠం వింటున్నట్లే తోచింది.

మరి మేము మొదట అన్నట్లు, అసలు పరీక్షే లేకుండా తవక్కుల్ పేరుతో వదిలేయవచ్చా? ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో హానిని తొలగించే సాధనాలను మూడు తరగతులుగా విభజించారు. దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటివి నిశ్చిత సాధనాలు. వాటిని వదలడం తవక్కుల్ కాదు, ప్రాణాపాయం ఉంటే నిషిద్ధం. వైద్యచికిత్సలు సంభావ్య సాధనాలు. వాటిని ఆశ్రయించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మూడవది ఊహామాత్ర సాధనాలు. మా దృష్టిలో, జరిగిన సంఘటన ఆధారంగా ఒకటి రెండు పదార్థాలకు చేసే పరీక్ష రెండవ తరగతిది. తొంభై పేర్ల జాబితా మూడవ తరగతిది. ఇక ఊపిరి అందని బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదటి తరగతిదే, అందులో ఎవరికీ సందేహం ఉండకూడదు. నజర్ సత్యమే, దానికి దుఆ చదవండి. మా ఇంటావిడ చదివారు, మేమూ చదివాము. దుఆ చదువుతున్న నోటితోనే వైద్యుణ్ణి అడగవచ్చు.

ఇంతకూ మా మనవరాలి పరీక్ష. దద్దుర్లకు ఇచ్చే మందు ఫలితాన్ని కప్పివేస్తుందట. అందుకని దానిని కొన్ని రోజుల ముందే ఆపించారు. పాప వీపుపై వరుసగా చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్క గుండా చర్మం పైపొరను సూదిమొనతో తాకించారు. ఒకటి ఉప్పునీరు, అది ఉబ్బకూడదు. ఒకటి హిస్టమిన్, అది ఉబ్బి తీరాలి. ఈ రెండూ సరిగా పలికితేనే మిగతా సాక్ష్యం చెల్లుతుంది. పాప రక్తం చుక్క రాలేదు, ఏడుపు కూడా రెండు నిమిషాలే. ఎక్కువ కన్నీళ్లు నానీవే. పావుగంట తర్వాత కొలబద్దతో కొలిచారు. ఉప్పునీటి చుక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే లెక్కలోకి వస్తుంది. జీడిపప్పు చుక్క అంతకు ఎంతో పెద్దగా ఉబ్బింది. పిస్తా కూడా ఉబ్బింది. బాదం చదునుగా ఉంది.

జీడి, పిస్తా ఒకే వృక్షకుటుంబానివి. ఒకటి పడనివారికి రెండవది కూడా పడకపోవడం తరచుగా జరిగేదే. షీర్‌ఖుర్మాలోని సారపప్పు కూడా అదే కుటుంబం. అందుకని దానిని పరీక్షించకుండానే ప్రస్తుతానికి దూరంగా ఉంచమన్నారు. మామిడిచెట్టు కూడా ఆ కుటుంబానిదేనని విని మా ఇంటావిడ ఆందోళన పడ్డారు. మామిడిపండును ఆ కారణంగా మాన్పించనవసరం లేదని వైద్యురాలు నవ్వారు. బాదాన్ని మాత్రం మరో రోజు ఆసుపత్రిలోనే, ఆమె కళ్లముందే, మెత్తని పొడి చేసి కొసరు కొసరుగా పెంచుతూ తినిపించారు. గంటల తరబడి కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష అదేనట. అయితే అది ఆసుపత్రిలో తప్ప ఇంట్లో చేయవలసినది కాదు.

ఆమెను మేము పాఠకుల తరఫున కూడా అడిగాము: ఏ బిడ్డకు పరీక్ష అవసరం? ఒక ఆహారం తిన్న కొన్ని నిమిషాల నుండి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవి లేదా కన్ను వాపు, ఆగని వాంతులు, దగ్గు, పిల్లికూతలు వచ్చిన బిడ్డకు అవసరం. నాలుగైదు నెలలకే ఒళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు వేరుశనగ మొదలుపెట్టే ముందు వైద్యుని సలహా అవసరం. అన్నీ తింటూ ఆడుకుంటున్న బిడ్డకు, ఊరికే జలుబు చేసే బిడ్డకు, అక్కకో అన్నకో ఎలర్జీ ఉందన్న భయంతో తెచ్చిన బిడ్డకు అవసరం లేదు. పాలు తాగాక గంటలు, రోజుల తర్వాత విరేచనంలో రక్తపు చారలు కనిపించే పిల్లలు కొందరుంటారు. వారిది వేరే మార్గం. ఈ ఐజీఈ పరీక్షలు వారి విషయంలో ఏమీ చెప్పవు, కాబట్టి "టెస్టు బాగానే ఉంది" అని ఊరుకోకూడదు. ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పట్టడం మన ఇళ్లలో అలవాటు. వాటిలోని మాంసకృత్తులు దాదాపు ఒకటే, కనుక మేకపాలూ పడవు. గాడిదపాలు అమ్మేవారు వీధిలోకి వస్తే అక్కడికి పరుగెత్తే తల్లులూ ఉన్నారు. ఖైబర్ నాడు ఇంటి గాడిదల మాంసం నిషేధించబడిందని, పాలు మాంసాన్నే అనుసరిస్తాయని అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయమని గుర్తుచేసి ఊరుకుంటాము.

గుడ్డు పడని పిల్లలకు తట్టు టీకా వేయించడం మానేసినవారు మా ఎరుకలోనే ఇద్దరున్నారు. అది పొరపాటు. వారికి ఆ టీకా వేయవచ్చు.

అల్లుడు అడిగిన ఒక ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "అయితే పల్లీలు, గుడ్డు, చేప మూడేళ్ల దాకా పెట్టకపోతే గొడవే ఉండదు కదా?" నిజానికి 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు అలాగే చెప్పింది, వేరుశనగ మూడేళ్ల దాకా వద్దని. 2008లో ఆ సలహాను వదులుకుంది. లండన్‌లో గిడియన్ లాక్ బృందం తీవ్ర ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు వర్గాలుగా చేసింది. వారు నాలుగు నుండి పదకొండు నెలల వయసువారు. ఒక వర్గానికి వేరుశనగను పూర్తిగా మాన్పించారు, మరో వర్గానికి క్రమం తప్పకుండా తినిపించారు. ఐదేళ్ల వయసుకు మానినవారిలో 17.2 శాతం మందికి వేరుశనగ ఎలర్జీ వచ్చింది, తిన్నవారిలో 3.2 శాతం మందికే. ఆ ఫలితం 2015లో వెలువడింది. భయంతో దూరం పెట్టడమే భయపడినదాన్ని తెచ్చిపెట్టింది. కాబట్టి ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మన ఇంటి ఆహారాన్ని ఒక్కొక్కటిగా, మెత్తగా పరిచయం చేయాలి. పల్లీలను గింజలుగా ఎన్నడూ ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసి జావలో కలపండి. తేనె మాత్రం ఏడాది నిండేవరకు వద్దు. అది ఎలర్జీ గురించి కాదు, పసివారిలో ప్రమాదకరమైన ఒక విషక్రిమి కారణంగా. తహ్నీక్‌కు తేనె వాడే ఇళ్లు ఖర్జూరంతో సరిపెట్టుకోవాలని మనవి.

ప్రవక్త (స) సన్నిధిలో ఒక చిన్న సంఘటన ఉంది. ఉమ్మె మున్‌జిర్ (రజి) ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. అప్పుడే జబ్బు నుండి లేచిన అలీ (రజి) కూడా తినబోతే, నీరసంగా ఉన్నావని ప్రవక్త (స) వారించారు. ఆమె బార్లీతో ఆకుకూర వండి తెచ్చినప్పుడు, ఇది నీకు అనుకూలమని దానినే తినమన్నారు. తానేమో ఖర్జూరాలు ఆరగించారు. ఒకే గెల, ఒకే సమయం, ఇద్దరు మనుషులు. తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాలలో ఉన్న ఈ ఉదంతాన్ని మేము ఇప్పుడు వలీమా విందులలో చెబుతున్నాము. ఎందుకంటే మా అసలు కష్టం పరీక్ష దగ్గర లేదు, విందుల దగ్గర ఉంది. ఉత్తరాంధ్రలో పెళ్లి అంటే పలాస జీడిపప్పు లేనిదే జరగదు. బిర్యానీ పైన జీడిపప్పు, కుర్మాలో నూరిన జీడిపప్పు, మిఠాయిలో జీడిపప్పు. "ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది, అలవాటు చేయాలి" అంటూ ప్రేమతో పాప నోటికి అందించే చేతులు ఎన్నో. ఆ చేతులను ఆపినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. మా సొంత అక్కయ్య రెండు నెలలు మాతో మాట్లాడలేదు.

ఇంట్లో ఒక కాగితం ఫ్రిజ్‌పై అంటించి ఉంది. అది అమ్మాయి రాసినది. దద్దుర్లు మాత్రమే అయితే సిరప్ ఇవ్వాలి, కనిపెట్టి ఉండాలి. ఊపిరి ఇబ్బంది, గొంతు బొంగురు, నాలుక వాపు, మగత, ఒళ్లు తెల్లబడటం, వాంతులు ఆగకపోవడం: వీటిలో ఏది కనిపించినా సిరప్‌తో కాలయాపన చేయక 108కి ఫోను చేయాలి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే "జీడిపప్పు ఎలర్జీ" అని చెప్పాలి. తొడ కండరంలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షనే అప్పటి మొదటి మందు. కింద వైద్యురాలి నంబరు, మా నంబరు.

పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. జీడిపప్పు విషయంలో అంత ఆశ పెట్టుకోవద్దని వైద్యురాలు దాపరికం లేకుండా చెప్పారు. కొంతకాలానికి మళ్లీ చూద్దామన్నారు. ఈలోగా పాప గుడ్డు తింటోంది, పల్లీపొడి తింటోంది, ముళ్లు తీసిన చేప తింటోంది. అల్లుడు ఆ ల్యాబ్ ప్రకటనను ఫోను నుండి తీసేశాడు.

ఈ యేడు పండుగకు మా ఇంటావిడ షీర్‌ఖుర్మాలో బాదం, ఖర్జూరం మాత్రమే వేశారు. రుచి తగ్గిందని వచ్చినవారిలో ఒకరిద్దరు అన్నారు. గిన్నె మాత్రం జొహర్ నమాజుకు ముందే ఖాళీ అయింది.